తొమ్మిదో నరసింహుడి జీపు దారి

అహోబిలం వచ్చినవాళ్లు ఎనిమిది గుళ్లు చూసి తొమ్మిదోదాని దగ్గర ఆగి ఆలోచిస్తారు. పావన నరసింహస్వామిని చూడాలంటే నల్లమల లోపల రాళ్లమీద జీపెక్కాలి, లేదా అడవిలో నడవాలి. నడవలేనివాళ్లను అక్కడికి చేర్చే బండ్లు, వాటిని నడిపే నేర్పు, ఆ దారిమీద హక్కున్న మిగతా జీవాల గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.

జీపు వెనకభాగంలో రెండు బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. వాటిమీద ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేలా సర్దుకుని కూర్చున్నవాళ్లను చూస్తే ఇది సాహసయాత్ర అని ఎవరికీ అనిపించదు. పట్టుచీర కొంగు నడుముకు బిగించిన అరవై దాటిన అత్తగారు, తులసిమాల పొట్లం ఒళ్లో పెట్టుకున్న కోడలు, మోకాలికి పట్టీ వేసుకున్న రిటైర్డు ఉద్యోగి, పెరుగన్నం క్యారియరు కాళ్లమధ్య ఇరికించుకున్న ఇంకో పెద్దాయన. చెన్నై నుంచో, బెంగళూరు నుంచో, హైదరాబాదు నుంచో వచ్చినవాళ్లు. మిగతా నరసింహుల దర్శనాలు అయిపోయాయి. మిగిలింది ఒక్కడే, ఆయన అడవి లోపల ఉన్నాడు.

“పైన కడ్డీ గట్టిగా పట్టుకోండమ్మా, తల బయట పెట్టొద్దు” అని ఒక్క మాట చెప్పి డ్రైవరు రెండో గేరుకడ్డీ మీద చెయ్యి వేస్తాడు. అక్కడితో తారురోడ్డు సంగతి మరిచిపోవాలి.

రాళ్లదారుల్లో నాలుగు చక్రాలూ లాగే బండి నడపడం లోకంలో చాలాచోట్ల ఆట. దానికి క్లబ్బులున్నాయి, పోటీలున్నాయి, కప్పులున్నాయి. ఎంత పెద్ద బండ ఎక్కించాడు, ఎంత ఏటవాలు దిగాడు అన్నదాన్ని బట్టి అక్కడ డ్రైవరుకు పేరొస్తుంది. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలోని ఈ అడవిదారిలో అదే పని పొట్టకూటికోసం, పొద్దున లేచింది మొదలు చేస్తారు. డ్రైవరు మంచివాడా కాదా అని తేల్చేది వెనక కూర్చున్న పెద్దావిడ నడుము. ఆవిడ దిగి, కొంగు సర్దుకుని, తన కాళ్లమీద తాను గుడిలోకి నడిచిపోతే అతను పని తెలిసినవాడు.

రేగడి నుంచి రాతికి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 40వ నంబరు జాతీయ రహదారిమీద సుమారు 40 కిలోమీటర్లు. శిరివెళ్ల దాటేవరకూ, దాటాక కూడా, కుడిచేతివైపు కుందూ నది తడిపే నల్లరేగడి మైదానం. వరి, పత్తి, జొన్న. ఎడమచేతివైపు చూపు ఎక్కడ నిలిపినా నల్లమల. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల ఉలి చప్పుళ్లు వినిపిస్తాయి. ఈ ఊరి చేతుల్లో తయారైన దేవతామూర్తులు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తాయి. అక్కడ జాతీయ రహదారిని వదిలి తూర్పుకు తిరిగితే, బాచేపల్లి మీదుగా దిగువ అహోబిలానికి ఇంకో పాతిక కిలోమీటర్లు. మైదానం సన్నబడి, కొండలు దగ్గరికి జరుగుతాయి.

తెలుగు సినిమా ఈ ప్రాంతానికి ఒక బండిని కట్టబెట్టింది. దుమ్ము లేపుకుంటూ వరసగా వచ్చే సుమోలు, బాంబు పేలగానే గాల్లో గిరికీలు కొట్టే సుమోలు. తెరమీద రాయలసీమ బండికి వేగం తప్ప వేరే గుణం లేదు. నిజంగా ఈ పల్లెల బతుకు మోసిన బండి మాత్రం జీపు. పెళ్లివారినీ, పత్తి కూలీలనూ, ఓటర్లనూ, పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్లనూ ఎక్కించుకుని బస్సు రాని ఊళ్లకు తిరిగింది అదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం ఆరు లక్షలకు పైగా తయారైన విల్లీస్ జీపు దాని మూలపురుషుడు. 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ విల్లీస్ బండ్లను బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశంలో కమాండర్లు, మేజర్లు పుట్టాయి; 2000లో బొలెరో, 2010లో థార్ వచ్చాయి. నగరంలో థార్ ఇవాళ హోదాకు గుర్తు. అహోబిలంలో దాని పాత చుట్టాలు ఇంకా కూలి చేసుకుంటున్నాయి.

ఈ దారి ఎందుకింత మొండిదో తెలియాలంటే కాళ్లకింద రాయిని చూడాలి. నంద్యాల మైదానం అడుగున ఉన్నది సున్నపురాయి, షేలు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు ఇళ్లలో పరిచే నాపరాళ్లు ఆ కుటుంబానివే. పలకలుగా లేస్తాయి, చెప్పినమాట వింటాయి. నల్లమల అలా కాదు. కడప శిలాసమూహంలో భాగమైన ఈ కొండల్లో భూగర్భ శాస్త్రజ్ఞులు బైరెన్‌కొండ క్వార్ట్‌జైట్ అని పిలిచే రాయి ఉంది. ఎప్పుడో సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక వంద కోట్ల ఏళ్లకు పైగా నొక్కుకుపోయి గట్టిపడ్డ రాయి అది. అంత తేలిగ్గా అరగదు. పగిలితే మొనలు దేలి పగులుతుంది. ఆ మొనే టైరు పక్కగోడను కోసేది. దాని నడుమ కంభం షేలు పొరలుంటాయి. అవి పొడిపొడిగా రాలి, వానపడితే జారుడు బురదవుతాయి. మొనదేలిన గుండ్లు, వాటిమధ్య బురద. ఇంతకన్నా చెడ్డ జోడీ చక్రానికి దొరకదు.

నడకకన్నా నెమ్మదిగా

ఎగువ అహోబిలం నుంచి పావన నరసింహుడి గుడికి అడవిలో ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది. తారురోడ్డుమీద పది నిమిషాల దూరం. ఇక్కడ ముప్పావుగంటకు తక్కువ పట్టదు, వాన పడ్డాక ఇంకా ఎక్కువ. ఆ నిదానం చేతగాక వచ్చినది కాదు, కావాలని తెచ్చుకున్నది.

తారు అయిపోయేదాకా ఈ జీపుల్లో వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. నాలుగింటినీ ఒక్కటిగా బిగిస్తే గట్టిరోడ్డు మీద ఆ తేడా పోవడానికి దారి లేక ఇరుసుల మధ్య మెలి పడుతుంది, లోపలి పళ్లు అరిగిపోతాయి. మట్టిలో, రాళ్లమీద చక్రం కొద్దిగా జారి ఆ తేడాను సరిచేసుకుంటుంది. అందుకే మట్టి తగిలాకే రెండో కడ్డీకి పని.

ఆ కడ్డీ రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఇంజను బలాన్ని ముందు ఇరుసుకు కూడా పంపుతుంది. రెండు, ‘ఫోర్-లో’లోకి మారిస్తే వేగాన్ని తగ్గించి, ఆ తగ్గించిన మేరకు తిప్పే బలాన్ని పెంచుతుంది. అలాంటి గేరుపెట్టెలో నిష్పత్తి సుమారు రెండున్నర అనుకుంటే, వేగం రెండున్నర వంతులు తగ్గి బలం రెండున్నర వంతులు పెరుగుతుందన్నమాట. మొదటి గేరులో, యాక్సిలరేటరు మీద కాలే పెట్టకుండా, జీపు మనిషి నడకకన్నా నెమ్మదిగా తనంతట తాను పాకుతుంది. ఇంజను ఆగిపోదు. క్లచ్చు మీద కాలు అవసరం లేదు. ఈ దారిలో కొత్తవాళ్లను పట్టిచ్చేది క్లచ్చే. భయంతో దానిమీద కాలు వేసి ఉంచుతారు. ప్లేట్లు కాలి వాసన వస్తుంది. ఎక్కుడు మధ్యలో బండి వెనక్కి జారడానికి అంతకన్నా దగ్గరి తోవ లేదు.

ముందు చక్రాలు కూడా లాగడంవల్ల ఏమవుతుందో మోకాలెత్తు బండ ఎదురైనప్పుడు తెలుస్తుంది. వెనక చక్రాలే తోస్తుంటే ముందు చక్రం రాయికి అదుముకుని అక్కడే మొరాయిస్తుంది. ముందు చక్రానికీ తిరిగే బలముంటే టైరు ఆ రాతి ముఖాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. అయితే బండను చక్రాలమధ్యకు రానిచ్చి దాటాలనుకోవడం తప్పు. చక్రాన్ని బండమీదికే ఎక్కించాలి. చక్రాలమధ్య, ఇరుసు నడుమ వేలాడే డిఫరెన్షియల్ డబ్బాయే జీపులో నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే భాగం. అది రాయికి తగిలి పగిలితే నూనె కారిపోతుంది, బండి అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఇక్కడి డ్రైవర్లు ఎత్తైన రాయిని వెతుక్కుని మరీ దానిమీదికి టైరు పోనిస్తారు. చూసేవాళ్లకు అది మొండితనంలా కనబడుతుంది. నిజానికి అది బండి కడుపు కాపాడుకునే జాగ్రత్త.

చక్రం ఒకటీ, దానికి ఎదురుమూలదీ గోతుల్లోనూ, మిగతా రెండూ గుండ్లమీదా ఉన్నప్పుడు అసలు పరీక్ష. మామూలు డిఫరెన్షియల్ ఏ చక్రానికి అడ్డు తక్కువో దానికే తిరుగుడు ఇస్తుంది. గాల్లో వేలాడే చక్రం ఊరికే గిర్రున తిరుగుతుంది, నేలమీద ఉన్నది కదలదు. కొత్త బండ్లలో దీన్ని అడ్డుకోవడానికి తాళం పడే డిఫరెన్షియళ్లు, జారే చక్రానికి బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు ఉన్నాయి. పాత జీపులో ఉన్నది డ్రైవరు బుర్ర ఒక్కటే. ఆ స్థితి రాకుండా ఎక్కడ ఏ చక్రం పెట్టాలో పది గజాల ముందే తేల్చుకుంటాడు. రోజూ నడిచే దారే అయినా, నిన్నటి వానకు గుండు పక్కకు దొర్లి ఉండవచ్చు, మొన్నటి గాడి ఇవాళ గొయ్యి అయి ఉండవచ్చు. అనుమానం వస్తే దిగి నడిచి చూసి వస్తాడు.

దిగుడులో సూత్రం ఇంకా తేలిక, పాటించడం ఇంకా కష్టం. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి, కంకరమీద పక్కకు జారుతుంది. స్టీరింగు ఎటు తిప్పినా అప్పుడది వినదు. ఎక్కుడు మధ్యలో ఇంజను ఆగిపోతే బండి మలపడానికి చూడకూడదు. అడ్డం తిరిగిన జీపు దొర్లుతుంది. రివర్సు గేరు వేసి, వచ్చిన గాడిలోనే తిన్నగా వెనక్కి దిగాలి. పాత స్టీరింగుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. బొటనవేలు చక్రం లోపలికి పెట్టకూడదు. టైరు గుండుకు తగిలినప్పుడు స్టీరింగు ఒక్కసారిగా ఎదురు తిరుగుతుంది, వేలు విరగడానికి అది చాలు.

వంకల దగ్గర లెక్క వేరు. నీళ్లు ఎంత లోతో పైనుంచి తెలియదు, అడుగున ఏ గుండు ఉందో అసలే తెలియదు. మోకాలి లోతు దాకా మనిషి దిగి చూడాలి. దిగాక మాత్రం ఆగకూడదు. ఒకే గేరులో, ఒకే వేగంలో, బండి ముందు చిన్న అల లేచేటట్టు పోతే ఆ అల వెనక నీటిమట్టం కాస్త తగ్గి ఇంజను బతుకుతుంది. వేగంగా దూకితే ఫ్యాను నీళ్లు విసిరి అంతా తడిపేస్తుంది. కొండమీద వాన పడుతున్నప్పుడు ఎండిన వంకనైనా నమ్మకూడదు. పైన కురిసిన నీళ్లు కిందికి ఎప్పుడు వస్తాయో ఆ వంకకే తెలియాలి.

కుదుపుల సంగతి. ఈ జీపుల వెనక ఇరుసుకు ఉండేవి కమాన్ పట్టీలు, బరువు మొయ్యడానికి చేసినవి. ఇద్దరే కూర్చుంటే అవి వంగవు, ప్రతి రాయి దెబ్బా నేరుగా వెన్నుకు తగులుతుంది. నిండా మనుషులుంటే కొంచెం మెత్తబడతాయి. వెనక ఇరుసుకు కూడా అవతల, తలుపు పక్కన కూర్చున్నవాళ్లకు ఎగిరిపాటు అందరికన్నా ఎక్కువ. నడుమునొప్పి ఉన్నవాళ్లను డ్రైవరు తన పక్క సీటుకు పిలవడం మర్యాద ఒక్కటే కాదు, యంత్రశాస్త్రం కూడా. అయితే పట్టీలు మెత్తబడతాయని మితిమీరి ఎక్కిస్తే బండి బరువుకేంద్రం పైకి పోతుంది, పక్కకు వంగిన దారిలో అదే ప్రమాదం.

మెట్లు, పల్లకి, రైలు

కొండలోకి మనుషుల్ని చేర్చే సమస్య జీపుతో పుట్టలేదు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చరిత్ర చెబుతుంది. ఆయన ఆస్థానకవి ఎర్రాప్రగడ అహోబిల నరసింహుణ్ని కేంద్రంగా చేసుకుని నృసింహపురాణం రాశాడు. 1398లో ఆదివన్ శఠకోప స్వామి అహోబిల మఠాన్ని నెలకొల్పారు. కళింగ దండయాత్ర కాలంలో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించాడు. తిరుమంగై ఆళ్వారు పాశురాలవల్ల ఇది 108 దివ్యదేశాల్లో ఒకటి. తమిళనాడు నుంచి వైష్ణవ యాత్రికులు అన్ని వందల మైళ్లు వచ్చి ఈ జీపులెక్కడానికి కారణం అదే.

జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. తొమ్మిదిమందిలో ఒక్కొక్కరి దారి ఒక్కో రకం. కొందరు రోడ్డు పక్కనే ఉన్నారు. జ్వాలా నరసింహుడి దగ్గరికి భవనాశిని వాగు వెంట కొండ ఎక్కి నడవాల్సిందే, లేకపోతే డోలీలో మనుషులు మొయ్యాలి. ఉగ్రస్తంభం కుర్రకారు మాత్రమే తలపెట్టే ఎక్కుడు. భార్గవ నరసింహుడికి కొంత, పావన నరసింహుడికి పూర్తిగా జీపు సాయం కావాలి.

ఈ క్షేత్రంలో స్వామివారు కూడా ప్రయాణం చేస్తారు. సంక్రాంతి పండుగ నాళ్లలో మొదలయ్యే పారువేటలో ఉత్సవమూర్తుల పల్లకి నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి, ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని ఊరూరా పిలుపులకు వెళ్తాడని నమ్మకం. పల్లకి మోసేవాళ్లు పొలంగట్లమీద, వంకల్లో అడుగు తడబడకుండా నడుస్తారు. పైనున్న మూర్తి ఒరగకూడదు, కింద కాలు ఎక్కడ పడితే అక్కడ పడకూడదు. జీపు డ్రైవరు చేసేదీ ఇంచుమించు ఆ పనే. అతని భుజంమీద ఉన్నది బోయీల కొమ్ము కాకుండా ఇనప చాసిస్, అంతే తేడా.

నల్లమలను దాటడానికి మనుషులు చేసిన ప్రయత్నాల చిట్టా పెద్దదే. నంద్యాల నుంచి గిద్దలూరుకు పోయే నందికనుమ, ఆత్మకూరు నుంచి దోర్నాలకు పోయే మంత్రాలకనుమ ఎప్పటివో. 1880ల్లో ఇంగ్లీషువాళ్లు నంద్యాల వైపు నుంచి ఈ కొండల్లోకి మీటరుగేజి రైలు తెచ్చారు. బొగద సొరంగం తొలిచారు, లోయమీద ఎత్తైన దొరబావి వంతెన కట్టారు. బ్రాడ్‌గేజి వచ్చాక ఆ పాత వంతెన మీద రైలు నడవడం మానేసింది.

దారి లేకపోవడమే కొందరికి దిక్కు కూడా అయింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేశాక ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టడానికి ఈ కొండలనే ఆసరా చేసుకున్నాడు. గుర్రాలూ ఫిరంగులూ ఉన్న సైన్యానికి అడవిలో ఆయన మనుషుల్ని వెతకడానికి నెలలు పట్టింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. అడవికి రోడ్డుంటే ఎవరికి మేలు, లేకపోతే ఎవరికి మేలు అన్న ప్రశ్న ఈ సీమలో అప్పటినుంచీ ఉన్నదే.

దారి ఎవరిది

పావన నరసింహుణ్ని చుట్టుపక్కల పల్లెలవాళ్లు పాములేటి నరసింహుడంటారు. మిగతా గుళ్లలో కనిపించే నగరపు యాత్రికులకన్నా ఇక్కడ ఊళ్లజనం, చెంచులు ఎక్కువ. శనివారం నాడు వంట సామాన్లతో సహా కుటుంబాలు దిగుతాయి. స్వామి పక్కన ఉన్నది చెంచులక్ష్మి, ఈ అడవి ఆడపడుచు. అంటే ఈ గుడికి పోయేవాళ్లు ఒక విధంగా చెంచుల పుట్టింటికి పోతున్నట్టే.

చెంచులు ఈ బాటను జీపుకు ముందునుంచీ నడుస్తున్నారు. తేనె, చింతపండు, కుంకుళ్లు, తపసి బంక ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముకునేవాళ్లకు ఏ రాయి జారుతుందో, ఏ వంక ఎప్పుడు పొంగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రభుత్వం లెక్కలో వాళ్లు ప్రత్యేకంగా దుర్బలమైన ఆదివాసీ సమూహం. 2006 అటవీహక్కుల చట్టం వచ్చాక అడవిమీద వాళ్లకున్న హక్కులను కాగితం మీద పెట్టే పని మొదలైంది. జీపు పోయే దారిలో నెత్తిమీద కట్టెతోనో, చేతిలో తేనె డబ్బాతోనో ఎవరైనా ఎదురైతే ఎవరు పక్కకు తప్పుకోవాలో యాత్రికులు ఒక్కసారి ఆలోచించుకోవాలి.

రాత్రయితే ఈ దారికి వేరే యజమానులు వస్తారు. శ్రీశైలం, నాగార్జునసాగర్ వైపు నల్లమల 1983 నుంచి ప్రాజెక్టు టైగర్ కింద ఉంది, దేశంలోని అతిపెద్ద పులుల అభయారణ్యాల్లో ఒకటి. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం దాన్ని దక్షిణానికి పొడిగిస్తుంది. అక్కణ్నుంచి లంకమల మీదుగా శేషాచలం దాకా పులులు కదిలే బాటను కాపాడాలని అటవీశాఖ చాలాకాలంగా చెబుతోంది. అహోబిలం అడవి ఆ దక్షిణపు బాటలోనే ఉంది. పులి కూడా మనుషుల్లాగే, ముళ్లపొదల్లో దూరడంకన్నా చేసిపెట్టిన దారిమీద నడవడానికి ఇష్టపడుతుంది. పొద్దున్నే జీపు గాడిలో పెద్ద అడుగు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. చిరుత, ఎలుగుబంటి, కణితి, అడవిపంది కూడా ఆ దారి వాడుకునేవే.

ఆత్మకూరు, దోర్నాల రోడ్డుమీద రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా బండ్లను ఆపుతున్నది ఇందుకే. అక్కడ తారురోడ్డు ఉంది కాబట్టి గేటు పెట్టి ఆపాల్సి వచ్చింది. పావన నరసింహుడి దారికి రాళ్లే గేటు. చీకటిపడ్డాక ఆ గుండ్లమీద బండి తోలేంత తొందర ఎవరికీ ఉండదు.

రూబికాన్ నుంచి సాందక్‌ఫూ దాకా

అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో రూబికాన్ అనే రాళ్లదారి ఉంది. పొడవు సుమారు 35 కిలోమీటర్లు. 1953 నుంచి అక్కడ జీపుల జాతర జరుగుతోంది. ఆ దారి పేరునే జీప్ కంపెనీ తన రాంగ్లర్ బండిలో మొండి రకానికి పెట్టుకుంది. అక్కడికి పోయేవాళ్లు రాళ్లకోసమే పోతారు. అవతలి గట్టున గుడి లేదు, ఎవరి మొక్కూ లేదు.

మన జీపులకు అసలైన తోడు డార్జిలింగ్ కొండల్లో ఉంది. మానేభంజాంగ్ నుంచి 3,636 మీటర్ల ఎత్తున్న సాందక్‌ఫూకు సుమారు 31 కిలోమీటర్లు. 1950ల నాటి ల్యాండ్ రోవర్లను అక్కడి డ్రైవర్లు తరతరాలుగా చేతులతో బతికించుకుంటూ మనుషుల్నీ బియ్యం బస్తాలనూ మోశారు. దారి బాగుపడుతున్న కొద్దీ బొలెరోలు వచ్చాయి, పాత బండ్లు పక్కకు జరిగాయి. దారి మారితే బండి మారుతుంది, బండి మారితే దాన్ని నమ్ముకున్నవాడి బతుకూ మారుతుంది. మన దగ్గర శ్రీశైలం అడవుల్లో ఇష్టకామేశ్వరి అమ్మవారి దర్శనానికి పోయే జీపులు, బొర్రా దగ్గర కటికి జలపాతానికి తీసుకెళ్లే జీపులు కూడా ఈ కోవలోవే. ఎక్కడ చూసినా ఒకటే కథ. బస్సు ఆగిన చోటికీ భక్తి లేదా సరదా ఆగని చోటికీ మధ్య ఉన్న కాస్త దూరాన్ని స్థానికుడి జీపు కలుపుతుంది.

తారు వెయ్యాలా?

ఎవరో ఒకరు ఈ మాట తప్పకుండా అంటారు. “ఇంతమంది వస్తున్నారు, ఒక రోడ్డు వేయలేరా?” అని. కుదుపులకు నడుం పట్టేసిన పెద్దవాళ్లు అలా అనడంలో తప్పు లేదు. దివ్యాంగులకూ ముసలివాళ్లకూ దేవుడు అందాలన్న వాదనలో న్యాయముంది. అయితే రోడ్డు పడితే ఏం జరుగుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ముందు కార్లు వస్తాయి. వెనక టూరిస్టు బస్సులు. వాటికి పార్కింగు, పార్కింగుకు కొట్లు, కొట్లకు కరెంటు. శనివారపు జనం పదింతలవుతారు. ప్లాస్టిక్ సంచి తిన్న కణితి పిల్లను ఎవరూ కాపాడలేరు. జీపు మీద బతుకుతున్న ఇళ్లలో పొయ్యి ఆరుతుంది, చెంచుపిల్ల నడిచే బాటమీద కార్లు నలభై, యాభై వేగంతో దూసుకుపోతాయి. అటవీభూమిని రోడ్డుకు మళ్లించాలంటే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలన్న నిబంధన పెట్టింది ఇలాంటి ఆలోచన ఒకసారి ఆగి చూసుకోవడానికే.

ఈ దారి గుండ్లు రేషను కార్డులా పనిచేస్తున్నాయి. రోజుకు ఎన్ని బండ్లు తిరగగలవో, ఎంతమంది పోగలరో, చీకటి పడేలోపు ఎప్పుడు తిరిగిరావాలో అవే నిర్ణయిస్తున్నాయి. ఏ అధికారీ సంతకం పెట్టకుండానే అడవికి ఇంత రక్షణ దొరకడం అరుదు. దాన్ని తీసేసి, దాని బదులు గేటు, కాపలా, జరిమానా పెట్టడం తెలివైన బేరం కాదు.

అలాగని ఉన్నది ఉన్నట్టు వదిలేయమనీ కాదు. రాళ్లు ఉండాలి, ప్రమాదం మాత్రం ఉండక్కర్లేదు. వంకలు దాటేచోట రాతి పరుపు వేస్తే నీళ్లాగవు, చక్రం జారదు, అడవికీ నష్టం లేదు. మరీ ఏటవాలున్న రెండు మూడు చోట్ల గాడి తెగకుండా రాళ్లు అడ్డం పేర్చవచ్చు. యాత్రికులను మోసే ప్రతి బండికీ బ్రేకులు, స్టీరింగు, కమాన్ పట్టీలు నిర్ణీత కాలానికి పరీక్షించాలి. ఎంతమందిని ఎక్కించాలో బండిమీదే రాసి ఉండాలి, అంతకు మించకూడదు. సెల్ సిగ్నలు మీద భరోసా పెట్టుకోలేని అడవిలో ప్రతి జీపులో ప్రథమ చికిత్స పెట్టె, చెక్‌పోస్టుతో మాట్లాడే వైర్‌లెస్ ఉండటం గొంతెమ్మ కోరిక కాదు. డ్రైవరు నేర్పుకు విలువ కట్టే గుర్తింపు కార్డు, ప్రమాద బీమా ఉండాలి.

కొత్తగా ఫోర్‌వీల్ బండి కొన్న నగరపు కుర్రాళ్లకూ ఇక్కడ ఒక పాఠం ఉంది. వంక మధ్యలో నీళ్లు ఎగజిమ్మి ఫొటో తీసుకోవడానికి, దారి వదిలి గడ్డిమీదికి దూకడానికి ఇది మైదానం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడమే నేరం. ఒక్కసారి తెగిన కొత్త గాడిలో తర్వాతి వానకు నీళ్లు పారతాయి, ఆ నీళ్లు మట్టిని కోస్తాయి, రెండు మూడేళ్లకు అదొక వంకవుతుంది. రోజూ ఈ దారిలో తిరిగే పాత జీపు మాత్రం నిన్నటి గాడిలోనే పోతుంది. బండి ఎంత బలమైనదైనా, ఆ బలాన్ని ఎక్కడ వాడకూడదో తెలిసినవాడి చేతిలోనే అది కొండకు పనికొస్తుంది.

వెళ్లేవారికి

దారి: నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి దిగువ అహోబిలానికి బస్సులున్నాయి. అక్కణ్నుంచి ఎగువ అహోబిలం 8 కిలోమీటర్లు, తారురోడ్డే.

కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. వేసవిలో రాళ్లు కాలతాయి. వానాకాలంలో దారి తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. స్వాతి నక్షత్రం రోజున, బ్రహ్మోత్సవాల్లో, శనివారాల్లో జనం ఎక్కువ.

సొంత బండి: ఫోర్‌వీల్ ఉన్నా సరే, చెక్‌పోస్టులో అటవీశాఖవారిని అడగకుండా అడవిలోకి పోవద్దు. స్థానిక జీపు మాట్లాడుకోవడం అన్నివిధాలా మంచిది.

ఆరోగ్యం: వెన్నెముక, మెడ సమస్యలున్నవారు, గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. మిగతా పెద్దవాళ్లు ముందు సీటు అడిగి తీసుకోవాలి. బయల్దేరే ముందు కడుపునిండా తినొద్దు.

వెంట ఉండాల్సినవి: తాగే నీళ్లు, మెత్తటి దుప్పటి మడత, పట్టున్న చెప్పులు. ప్లాస్టిక్ కవర్లు వద్దు. తీసుకెళ్లిన ప్రతి వస్తువూ తిరిగి తెచ్చుకోవాలి.

వేళ: పొద్దున్నే బయల్దేరి, ఎండ తిరగకముందే వెనక్కి వచ్చేయాలి. డ్రైవరు ‘ఇక చాలు, పోదాం’ అంటే బేరాలాడకుండా ఎక్కి కూర్చోవాలి. ఆ అడవిలో గడియారం అతనిదే.